పన్నెండో కప్పు: పరిశోధన ఓడ మీద హారర్ కథాగేమ్ చేసుకోవడం ఎలా

పరిశోధన ఓడల్లో పనిచేసేవాళ్ళకి ఒక పాత సరదా ఉంది. లోతు సముద్రంలోకి పరికరాన్ని దించే ముందు అందరూ తలో థర్మాకోల్ కప్పు తీసుకుని, దాని మీద పేరో బొమ్మో గీసి, కప్పులన్నీ ఒక వల సంచిలో వేసి ఆ పరికరానికి కట్టేస్తారు. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకీ దాదాపు ఒక వాతావరణ పీడనమంత ఒత్తిడి పెరుగుతుంది, అంటే 3,000 మీటర్ల దగ్గర ఆ కప్పు మీద మన గాలి ఒత్తిడికి 300 రెట్లు పడుతుంది. థర్మాకోల్‌లో ఉన్న గాలి బుడగలన్నీ నలిగిపోయి, సంచి పైకి వచ్చేసరికి టీ కప్పు కాస్తా బొటనవేలంత అయిపోయి ఉంటుంది. రాసిన పేరు కూడా దాంతోపాటే చిన్నదైపోతుంది. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి షోకేసులో పెట్టుకుంటారు.

ఇప్పుడు ఇలా అనుకోండి. సంచిలో వేసిన కప్పులు 11. పైకొచ్చాక లెక్కపెడితే 12. ఆ పన్నెండోది అస్సలు ముడుచుకుపోలేదు, షాపులోంచి అప్పుడే తెచ్చినట్టు నిక్షేపంగా ఉంది.

ఓడ, శాస్త్రవేత్తలు, రాత్రి, సముద్రం అనగానే చాలామంది చేసే మొదటి పని ఒక రాక్షసిని తయారు చేయడం. నా సలహా ఏంటంటే, రాక్షసి గురించి కనీసం రెండు వారాల పాటు ఆలోచించకండి. పరిశోధన ఓడ అంటే ప్రతిదీ కొలిచి, రాసి, సంతకం పెట్టే చోటు. ఎంత లోతు, ఎంత వేడి, ఎంత ఉప్పు, ఎవరు డ్యూటీలో ఉన్నారు, ఎన్ని గంటలకి దిగారు, అన్నీ కాగితం మీద ఉంటాయి. ఆడేవాళ్ళకి ముందు ఆ కాగితం చదవడం నేర్పాలి, దాన్ని నమ్మేలా చేయాలి, ఆ తర్వాత అందులో ఒక్క అంకె మార్చాలి. ఈ గైడ్ అంతా ఆ ఒక్క పని గురించే. చేయబోయేది అరగంట నుంచి నలభై నిమిషాల్లో అయిపోయే, తెలుగులో చదువుతూ ఆడే గేమ్. కోడింగ్ రాకపోయినా ఫరవాలేదు, కానీ కథ మాత్రం కాగితం మీద ముందే రాసుకోవాలి.

ముందు ఓడ గురించి తెలుసుకోండి

మీరు ఓడ ఎక్కకపోయినా ఇది చేయొచ్చు, అయితే అక్కడి రోజువారీ పని తెలియకుండా చేయలేరు. పరిశోధన ఓడల్లో ఎక్కువసార్లు జరిగే పని సీటీడీ దించడం. నీటిలో విద్యుత్ ఎంత బాగా ప్రవహిస్తుందో, ఉష్ణోగ్రత ఎంతో, లోతు ఎంతో కొలిచే పరికరం అది. ఉప్పు ఎంతుందో ఆ విద్యుత్ కొలత నుంచే లెక్కకడతారు. గుండ్రటి ఇనుప చట్రంలో కింద ఈ పరికరం, చుట్టూ నిలువుగా పెద్ద ప్లాస్టిక్ సీసాలు, 12 కానీ 24 కానీ ఉంటాయి. ఓడ వెనక డెక్ మీద ఉన్న వించ్ తీగ వదులుతూ ఉంటే ఇది నిమిషానికి 60 మీటర్ల చొప్పున దిగుతుంది. 3,000 మీటర్లు దిగడానికి 50 నిమిషాలు. పైకి తెచ్చేటప్పుడు ఒక్కో లోతు దగ్గర ఆపి, ల్యాబ్‌లోంచి బటన్ నొక్కి ఒక్కో సీసా మూస్తారు. మొత్తం కలిపి రెండు గంటల పని. ఈ రెండు గంటలూ ఒక మనిషి స్క్రీన్ ముందు కూర్చుని అంకెలు చూస్తూ ఉంటాడు. బయట చీకటి, కింద మూడు కిలోమీటర్ల నీళ్ళు, చేతిలో వాకీటాకీ. హారర్ గేమ్‌కి ఇంతకంటే మంచి కుర్చీ ఎక్కడ దొరుకుతుంది?

ఆడేవాళ్ళని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టండి. డ్యూటీ అర్ధరాత్రి 12 నుంచి 4 దాకా. ఓడల్లో వాచ్‌లు, అంటే డ్యూటీ వంతులు, చాలాచోట్ల ఇలాగే నాలుగు గంటల చొప్పున నడుస్తాయి, 12 నుంచి 4, 4 నుంచి 8, 8 నుంచి 12. తర్వాత వచ్చే మనిషికి ఏం జరిగిందో లాగ్ బుక్‌లో రాసిపెట్టి వెళ్ళాలి. ఈ రాసిపెట్టడమే మన గేమ్‌లో ఆయుధం. వేరే కత్తీ తుపాకీ ఏమీ ఇవ్వకండి.

గదులు ఏడు చాలు. ఓడ నడిపే బ్రిడ్జ్, కంప్యూటర్లుండే డ్రై ల్యాబ్, నీళ్ళ నమూనాలు తీసే వెట్ ల్యాబ్, వించ్ ఉన్న వెనక డెక్, భోజనాల మెస్, మీ క్యాబిన్, ఇంజన్ కంట్రోల్ రూమ్. నిజం ఓడలో ఇంకా చాలా ఉంటాయి కానీ అరగంట గేమ్‌లో ఆడేవాళ్ళు ఒక్కో గదికీ కనీసం మూడుసార్లు వెళ్ళాలి. మొదటిసారి చూసిన గది కొత్తగా ఉంటుంది, రెండోసారి అలవాటవుతుంది, మూడోసారి అందులో కుర్చీ ఒకటి పక్కకి జరిగి ఉంటే గుండె ఆగుతుంది. పద్నాలుగు గదులు పెట్టి ఒక్కోదానికి ఒక్కసారి తీసుకెళ్తే అది టూరిస్టు బస్సు అవుతుంది. కాగితం మీద ఓడ ప్లాన్ గీసి గోడకి అంటించుకోండి, ఎడమ కుడి తప్పులు రాకుండా ఉంటాయి.

మన దగ్గర వాడుకోదగ్గ నిజం ఒకటుంది. సముద్రానికి ఎంతో దూరంగా ఉన్న హైదరాబాద్‌లో, ప్రగతినగర్ దగ్గర, ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది. సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అక్కడే 2007 నుంచి పనిచేస్తోంది. సముద్రంలో వదిలేసిన ఆర్గో ఫ్లోట్లు అనే కొలత పరికరాలు 1,000 మీటర్ల లోతులో తేలుతూ, పది రోజులకోసారి 2,000 మీటర్ల దాకా దిగి, కొలుస్తూ పైకొచ్చి ఉపగ్రహానికి లెక్కలు పంపుతాయి. మన దేశం తరఫున ఆ లెక్కలు చూసుకునేది ఇన్‌కాయిసే. ఓడలో ఉన్న మనిషికీ, ఒడ్డున డేటా చూసే మనిషికీ మధ్య మెసేజ్‌ల రూపంలో కథ నడపాలనుకుంటే మీ రెండో పాత్రని హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చోబెట్టొచ్చు. వర్షానికి రోడ్డు మునిగి ఆఫీసుకి లేటైందని చెప్పే మనిషి, అక్కడ బంగాళాఖాతంలో ఏం జరుగుతోందో మొదట కనిపెట్టడం నాకైతే చాలా బాగుంటుందనిపిస్తుంది. కథలో ఉద్యోగిని మాత్రం కల్పిత సంస్థలో పెట్టండి, నిజం ఆఫీసు పేరు పెట్టి లేనిపోనివి అంటగట్టొద్దు.

పాతకాలం ఓడ కావాలంటే కార్నెగీ గురించి చదవండి. 1909లో అమెరికాలో కట్టిన పరిశోధన నౌక అది, భూమి అయస్కాంత క్షేత్రాన్ని సముద్రాల మీద కొలవడానికి. దిక్సూచి ముల్లు మీద ఓడలోని ఇనుము ప్రభావం పడకూడదని దాన్ని చెక్కతో, రాగితో, కంచుతో కట్టారు, లంగరు కూడా ఇనుముది కాదు. ఇరవై ఏళ్ళు తిరిగి 1929 నవంబర్ 29న సమోవాలోని ఆపియా రేవులో పెట్రోలు నింపుతుండగా పేలిపోయింది, కెప్టెన్ జేమ్స్ పెర్సీ ఆల్ట్ చనిపోయాడు. చనిపోయినవాళ్ళ విషాదాన్ని గేమ్‌కి వాడుకోమని నేను చెప్పను. తీసుకోవాల్సింది ఆ ఓడ కట్టిన పద్ధతి. ఇనుమే లేని ఓడలో దిక్సూచి ముల్లు ఒక రాత్రి మెల్లగా ఒక క్యాబిన్ తలుపు వైపు తిరిగితే, ఏ సాకూ మిగలదు. ఏ కాలం ఓడ ఎంచుకున్నా అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇక్కడివాళ్ళు దేన్ని కళ్ళు మూసుకుని నమ్ముతారు?

మూడు రాత్రులు

గేమ్‌ని మూడు రాత్రులుగా విడగొట్టండి.

మొదటి రాత్రి ఏమీ జరగకూడదు. ఇది రాయడం చాలా కష్టం, ఎందుకంటే ఆడేవాళ్ళు బోర్ కొట్టి మూసేస్తారేమో అని టెన్షన్ పడి ఒక కేక, ఒక నీడ పెట్టేస్తాం. పెట్టకండి. దానికి బదులు పని నేర్పండి. స్క్రీన్ మీద ఇలా కనిపించనివ్వండి:

0 మీటర్లు, 28.9 డిగ్రీలు, ఉప్పు 33.1
1,000 మీటర్లు, 6.6 డిగ్రీలు, ఉప్పు 35.0
2,000 మీటర్లు, 2.8 డిగ్రీలు, ఉప్పు 34.8
3,000 మీటర్లు, 1.8 డిగ్రీలు, ఉప్పు 34.7

బంగాళాఖాతం తీరుకి దగ్గరగా ఉండేలా నేను వేసిన అంకెలివి, ఉప్పు అంటే కిలో నీళ్ళలో సుమారు ఎన్ని గ్రాములో. లోతుకి వెళ్ళేకొద్దీ చలి పెరుగుతుందనీ, అడుగున దాదాపు ఫ్రిజ్‌లో నీళ్ళకంటే చల్లగా ఉంటుందనీ పెద్ద సైంటిస్టు పాత్ర చేత ఒకే ఒక్క వాక్యంలో చెప్పించండి. తర్వాత ఆడేవాళ్ళ చేత ఆ అంకెలు ఫారంలో నింపించండి. కప్పుల సంచి విప్పించి, ఒక్కో కప్పు మీద పేరు చదివించి, ‘ఎన్ని వచ్చాయి?’ అనే గడిలో 11 అని టైప్ చేయించండి. వాళ్ళ వేళ్ళకి ఆ అంకె అలవాటు కావాలి.

అదే రాత్రి ఒక వింతని చూపించి, దానికి నిజమైన కారణం కూడా చెప్పేయండి. దీనికి నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే బాగా పనికొచ్చేది సముద్రపు మాయ అడుగు. ఓడ కిందికి శబ్దం పంపి, అది అడుగుకి తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు కొలుస్తారు. సముద్రపు నీళ్ళలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది కాబట్టి 3,000 మీటర్ల అడుగు నుంచి ప్రతిధ్వని రావడానికి నాలుగు సెకన్లు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ పరికరాల మీద కొన్ని వందల మీటర్ల లోతులోనే ఇంకో అడుగు కనిపించేది, పైగా చీకటి పడగానే అది పైకి లేచేది, తెల్లారేసరికి కిందికి దిగేది. అదంతా చిన్న చేపలు, రకరకాల జీవాలు కోట్ల సంఖ్యలో గుంపుగా రాత్రి మేతకి పైకి రావడం అని తర్వాత తేలింది. ఇప్పటికీ ప్రతి రాత్రీ జరుగుతుంది. గేమ్‌లో ఆడేవాళ్ళు స్క్రీన్ మీద సముద్రపు అడుగు తమ వైపు లేచి రావడం చూసి ఉలిక్కిపడతారు, సైంటిస్టు వచ్చి నవ్వి ఇది చెప్తాడు, వాళ్ళు కుర్చీలో వెనక్కి వాలతారు. అలా వాలడం మనకి చాలా అవసరం. వింత కనిపిస్తే కారణం ఉంటుంది అనే నమ్మకం వాళ్ళలో కుదరాలి.

1997లో పసిఫిక్‌లో అమెరికా సంస్థ నోవా మైక్రోఫోన్లకి చిక్కిన బ్లూప్ అనే పెద్ద శబ్దం కూడా ఇలాంటిదే, ఎంతోమంది సముద్ర రాక్షసి అన్నారు, చివరికి మంచు పగిలే శబ్దమని తేల్చారు. మీ పాత్రల మెస్ కబుర్లలో ఇది దొర్లనివ్వండి.

రెండో రాత్రి అంతా మొదటి రాత్రిలాగే. అవే గదులు, అవే ఫారాలు, 11 కప్పులు. ఒక్క లైను మాత్రం తేడా:

2,900 మీటర్లు, 37.0 డిగ్రీలు

దాని ముందూ వెనకా మామూలే. మీరు ఏమీ అనొద్దు, ఎర్ర రంగు వేయొద్దు, సంగీతం మార్చొద్దు. టెక్నీషియన్ వచ్చి సెన్సర్ పాడైందంటాడు, మారుస్తాడు, ఆ మాట నమ్మేలాగే ఉంటుంది. కానీ మనవాళ్ళలో చాలామంది జ్వరాన్ని ఫారన్‌హీట్‌లో చూస్తారు కాబట్టి 37 అనగానే అందరికీ వెలగదు. అందుకని క్యాబిన్‌కి వెళ్ళే దారిలో ఉన్న మందుల గది తలుపు మీద ఒక పాత చార్టు అంటించండి, అందులో 98.6 పక్కన 37.0 అని ఉంటుంది. దాన్ని చదవమని బలవంతం చేయకండి. చదివినవాళ్ళకి వాళ్ళంతట వాళ్ళకే అర్థమవుతుంది, మూడు కిలోమీటర్ల కింద మనిషి ఒంటి వేడి ఉన్నదేదో తీగ పక్కనుంచి వెళ్ళిందని. మీరు రాయని వాక్యం అది, వాళ్ళే రాసుకున్నది, అందుకే వదలదు.

ఒక రాత్రికి ఒక్క అంకె. వించ్ తీగ మీద బరువు కూడా పెంచుదాం, గడియారం కూడా వెనక్కి తిప్పుదాం అని చేయి లాగుతుంది, నాకూ లాగుతుంది. రెండు తప్పులు ఒకేసారి కనిపిస్తే ఆడేవాళ్ళు రచయిత చేతిని చూస్తారు.

రెండో రాత్రి చివర బ్రిడ్జ్ మీదికి పంపండి. ఓడల్లో బ్రిడ్జ్ మీద మనిషి నిద్రపోయాడో లేదో కనిపెట్టే అలారం ఉంటుంది, 3 నుంచి 12 నిమిషాల మధ్య ఎంతకి పెడితే అంతకొకసారి హెచ్చరిస్తుంది, మెలకువగా ఉన్నామని బటన్ నొక్కకపోతే ముందు అక్కడ, తర్వాత కెప్టెన్ దగ్గర మోగుతుంది. మొదటి రాత్రి ఆడేవాళ్ళ చేతే రెండుసార్లు నొక్కించి ఉంచండి. ఇప్పుడు బ్రిడ్జ్ ఖాళీగా ఉంది, ఆఫీసర్ కాఫీకి దిగి అరగంటయింది. అలారం మోగలేదు. అంతవరకే చూపించి, వాళ్ళని క్యాబిన్‌కి పంపేయండి.

మూడో రాత్రి కప్పులు.

తెలుగులో ఉన్న బలం

ఈ భాగం కోసమే నేను ఈ గైడ్ రాయాలనుకున్నాను. మనలో చాలామంది హారర్ గేమ్‌లు ఇంగ్లిషులో ఆడతాం, అందుకే మన గేమ్‌ని కూడా ముందు ఇంగ్లిషులో ఊహించుకుని తర్వాత తెలుగులోకి తిప్పుతాం. అలా చేస్తే తెలుగు ఉచితంగా ఇచ్చే భయాలన్నీ పోతాయి.

మొదటిది, లెక్క. మనం వస్తువుల్ని ‘ఎన్ని’ అంటాం, మనుషుల్ని ‘ఎంతమంది’ అంటాం. మొదటి రెండు రాత్రులూ బోసన్ వాకీటాకీలో ‘కప్పులు ఎన్ని వచ్చాయి మేడమ్?’ అని అడుగుతాడు. బోసన్ అంటే డెక్ పనివాళ్ళకి పెద్ద, మన గోదావరి లాంచీల మీద సరంగు ఉన్నట్టు. మూడో రాత్రి అదే గొంతు, అదే సమయం:

‘ఎంతమంది వచ్చారు మేడమ్?’

ఇంకేమీ అక్కర్లేదు. కొందరు దాన్ని టైపింగ్ తప్పు అనుకుంటారు, అనుకోనివ్వండి. బోసన్‌ని శ్రీకాకుళం వైపు మనిషిగా పెట్టుకుంటే ముందు రెండు రాత్రులూ ‘ఏటి మేడమ్, మళ్లీ లెక్కెడతన్నారేటి?’ అని ఆప్యాయంగా మాట్లాడించండి, మూడో రాత్రి ఆ యాస పోయి పుస్తకంలా మాట్లాడితే ఒళ్ళు జలదరిస్తుంది. అయితే యాసని వెటకారానికి వాడకండి. ఆడేవాళ్ళు ఆ మనిషిని ఇష్టపడాలి, అప్పుడే ఆ గొంతు మారడం తగులుతుంది.

రెండోది, క్రియ. ‘వచ్చింది’ అన్నప్పుడు అమ్మాయి వచ్చిందో, పిల్లి వచ్చిందో, చలి వచ్చిందో కర్త చెప్తే తప్ప తెలియదు, పైగా తెలుగులో కర్తని వదిలేసినా వాక్యం నిండుగానే ఉంటుంది. లాగ్ బుక్‌లో ఇలా రాయండి:

‘2:10. వెట్ ల్యాబ్‌లోకి వచ్చింది. కాసేపు నిలబడింది. వెళ్ళిపోయింది.’

ఓడలో ఒక మహిళా సైంటిస్టు ఉందనుకోండి, ఆవిడ గురించి రాశారని ఆడేవాళ్ళు హాయిగా అనుకుంటారు. రెండు పేజీల తర్వాత ఆవిడ ఆ సమయంలో బ్రిడ్జ్ మీద సంతకం పెట్టినట్టు చూపించండి.

మూడోది ఇబ్బంది తప్పించుకునే చిట్కా. ఆడేవాళ్ళ పేరు అడిగి కథలో వాడదామనిపిస్తుంది, కానీ రవి అయితే ‘రవికి’, శరత్ అయితే ‘శరత్‌కు’, అబ్బాయి అయితే ‘చూశాడు’, అమ్మాయి అయితే ‘చూసింది’, ఇవన్నీ కంప్యూటర్ చేత సరిగ్గా చేయించడం తలనొప్పి. కథంతా ‘నువ్వు’లో రాసేయండి. ‘నువ్వు తలుపు తీశావు’ అంటే ఎవరికైనా సరిపోతుంది. పేరుని కప్పు మీద మాత్రం, విభక్తి లేకుండా, ఒంటరిగా చూపించండి. అసలు అక్కడ చూపించినప్పుడే దానికి బలం, ఎందుకో చివర్లో చెప్తాను.

ట్వైన్‌లో పెట్టడం

2009లో క్రిస్ క్లిమాస్ మొదలుపెట్టిన ట్వైన్ ఇలాంటి చదివి ఆడే గేమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్, ఉచితం, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. కథని ముక్కలు ముక్కలుగా డబ్బాల్లో రాస్తారు, ఒక డబ్బాలోంచి ఇంకోదానికి దారి వేయాలంటే రెండు చదరపు బ్రాకెట్లలో ఇలా రాస్తే చాలు:

[[సంచి విప్పు->వెట్ ల్యాబ్ 3]]

బాణం ముందున్నది ఆడేవాళ్ళకి కనిపించే మాట, తర్వాతది డబ్బా పేరు. రెండూ తెలుగులోనే ఉండొచ్చు. ఆట బ్రౌజర్‌లో నడుస్తుంది కాబట్టి వత్తులు, గుణింతాలు విడిపోవు. వేరే గేమ్ ఇంజన్‌తో చేస్తున్నవాళ్ళు మాత్రం మొదటి రోజే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ అనే మూడు మాటలు స్క్రీన్ మీద వేసి చూసుకోండి, అవి సరిగ్గా రాకపోతే ఆరు నెలల పని తర్వాత ఏడవాల్సి వస్తుంది. గోడో వాడేవాళ్ళు నాలుగో వెర్షన్ నుంచే మొదలుపెట్టండి, మన లిపుల్ని సరిగ్గా పేర్చే పని అందులోనే వచ్చింది. ఫాంటుకి మండలి కానీ నోటో సాన్స్ తెలుగు కానీ తీసుకోండి, వత్తులు కింది లైనుకి తగలకుండా లైన్ల మధ్య దూరం కాస్త ఎక్కువ ఇవ్వండి. రక్తం కారే అక్షరాలు వద్దు, మనది ఆఫీసు ఫారం.

కథ మొదలుపెట్టే ముందే సెట్టింగుల్లో స్టోరీ ఫార్మాట్‌ని, అంటే కథని నడిపే ఆదేశాల పద్ధతిని, షుగర్‌క్యూబ్‌కి మార్చండి. ట్వైన్ మామూలుగా హార్లో ఇస్తుంది, అది కూడా మంచిదే, కానీ శబ్దాలు వినిపించే ఆదేశాలు షుగర్‌క్యూబ్‌లో ముందే ఉన్నాయి. సగంలో మారిస్తే రాసిన ఆదేశాలన్నీ మళ్ళీ రాయాలి. వెనక్కి వెళ్ళే బాణాలు ఆపేసే సెట్టింగ్ కూడా అందులో ఒక్క లైను, దాన్ని తప్పకుండా పెట్టండి. లాగ్ బుక్‌లో పెన్నుతో రాసింది చెరిపేసే వీలు ఉండకూడదు.

ఇక కప్పుల గడి. మూడో రాత్రి సంచి విప్పగానే కప్పుల మీది పేర్లు ఒక్కొక్క క్లిక్కుకి ఒక్కటి చొప్పున చూపించండి, లెక్క మీరు చెప్పకండి. పదకొండు పేర్లు వాళ్ళకి తెలిసినవే. పన్నెండో క్లిక్కుకి ఏ పేరూ రాయని, మామూలు సైజు కప్పు. తర్వాత అదే ఫారం, అదే గడి. అలవాటు కొద్దీ 11 అని కొట్టేవాళ్ళు చాలామంది ఉంటారు, కావాలని కొట్టేవాళ్ళు కూడా ఉంటారు. ఇద్దర్నీ గేమ్ ఒకేలా, ఏమీ అనకుండా ఒప్పుకోవాలి.

ఇక్కడ రెండు సాంకేతిక జాగ్రత్తలు. టెక్స్ట్ గడిలో టైప్ చేసింది కంప్యూటర్‌కి అక్షరాలుగా అందుతుంది, అంకెగా కాదు, కాబట్టి పోల్చేటప్పుడు దాన్ని అంకెగా మార్చుకోవడం మరిచిపోకండి. రెండోది, మనవాళ్ళు ‘12’ అని కొట్టొచ్చు, ‘౧౨’ అని కొట్టొచ్చు, ‘పన్నెండు’ అని కూడా రాయొచ్చు, మూడింటినీ ఒకటిగా తీసుకునేలా షరతు రాయండి. ‘పన్నెండు మంది’ అని రాసినవాళ్ళ కోసం వేరే ఒక లైను దాచిపెట్టండి, వాళ్ళు ఆ బహుమతికి అర్హులు.

గేమ్ మొత్తానికి గుర్తుంచుకోవాల్సిన విషయాలు మూడే ఉంచండి: రెండో రాత్రి 37.0 అంకెని అలాగే రాశారా, సెన్సర్ తప్పని కొట్టేశారా; కప్పుల గడిలో ఏం రాశారు; ఖాళీ బ్రిడ్జ్ మీద బటన్ వాళ్ళు నొక్కారా. ఈ మూడింటి మీదే ముగింపు.

బ్రౌజర్‌లో ట్వైన్ వాడితే కథ ఆ బ్రౌజర్ జ్ఞాపకంలోనే ఉంటుంది, హిస్టరీతో పాటు సైట్ డేటా తుడిచేస్తే కథ కూడా పోతుంది. రోజూ పని ఆపేటప్పుడు ఆర్కైవ్ నొక్కి ఒక కాపీ దించుకోండి, పేరులో తేదీ పెట్టుకోండి.

శబ్దం

ఓడలో నిశ్శబ్దం అంటూ ఉండదు. జనరేటర్ హోరు పగలూ రాత్రీ, నిద్రలో కూడా ఉంటుంది, రెండు రోజుల తర్వాత చెవికి అది వినపడటం మానేస్తుంది. మీ గేమ్‌లో కూడా మొదటి క్లిక్కు నుంచి సన్నటి హోరు పెట్టండి. ఫ్రిజ్ వెనక ఫోన్ పెట్టి రికార్డ్ చేసి, శబ్దాలు ఎడిట్ చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో వేగం సగానికి తగ్గిస్తే సరిగ్గా అలాగే ఉంటుంది. ఇనుప బీరువా తలుపు మెల్లగా వేసిన చప్పుడు నీళ్ళు చొరబడని ఓడ తలుపుకి, అంటే వాటర్‌టైట్ డోర్‌కి, పనికొస్తుంది. ఆడేవాళ్ళు ఏదో ఒకటి క్లిక్ చేసేదాకా బ్రౌజర్లు శబ్దాన్ని రానివ్వవు, అందుకే మొదటి పేజీలో ‘డ్యూటీ ఎక్కు’ అని ఒక లింకు పెట్టి దాని తర్వాతే హోరు మొదలుపెట్టండి.

ఆ హోరు ఒక్కసారే ఆగాలి. పన్నెండో కప్పు చేతిలోకి తీసుకున్నప్పుడు. ఓడ మనిషికి ఆ నిశ్శబ్దమే పెద్ద కేక, జనరేటర్ ఆగిందంటే కరెంటు పోయింది, ఓడ అలల మీద వదిలేసినట్టే. ఆ తర్వాత అలారం. ఓడల్లో ప్రమాద సంకేతం ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. మొదటి రాత్రి గోడ మీద పోస్టర్‌లో ఇది చూపించి ఉంచితే, ఇప్పుడు ఏడు పొట్టి కూతలు వినిపించి, ఎనిమిదోది రాకుండా ఆపేయండి.

ముగింపు డబ్బాలు

చావులు వద్దు. నాలుగు గంటలవుతుంది, ఆడేవాళ్ళు లాగ్ మీద సంతకం పెడతారు, స్క్రీన్ నల్లబడుతుంది. మళ్ళీ వెలిగేసరికి ‘నువ్వు’ వేరే మనిషి. నాలుగు నుంచి ఎనిమిది డ్యూటీకి వచ్చిన మనిషి. ల్యాబ్‌లో ఎవరూ లేరు, కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది, బల్ల మీద లాగ్ బుక్ తెరిచి ఉంది, అందులో ఆడేవాళ్ళు ఇంతకుముందు టైప్ చేసినవే, అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తాయి.

11 అని రాసి ఉంటే, సంచిలో చూడనివ్వండి. పదకొండే ఉంటాయి. అన్నీ ముడుచుకున్నవే. కొత్తగా వచ్చిన మనిషి పేర్లు చదువుతుంటే పదకొండో దాని మీద ఆడేవాళ్ళు మొదట్లో ఇచ్చిన పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

12 అని రాసి ఉంటే, మెస్‌కి పంపండి. వంటాయన పొద్దున టిఫిన్‌కి పన్నెండు ప్లేట్లు పెట్టి ఉంటాడు, ఎందుకని అడిగితే రోజూ పెట్టేది అంతేగా అంటాడు. 37.0 ని కూడా నిజాయితీగా రాసినవాళ్ళకైతే ఇంకొక్క లైను ఇవ్వండి, పన్నెండో ప్లేటు ముట్టుకుంటే వేడిగా ఉంటుంది, ఎంత వేడో మీరు చెప్పక్కర్లేదు. బటన్ నొక్కినవాళ్ళకి ఆ ముగింపులో ఎక్కడో దూరంగా బ్రిడ్జ్ అలారం వినిపిస్తుంది, నొక్కనివాళ్ళకి వినిపించదు.

పబ్లిష్ నొక్కితే ఒకే ఫైలు వస్తుంది. శబ్దాల ఫైళ్ళతో కలిపి జిప్ చేసి, కథ ఫైలుకి index.html అని పేరు పెట్టి, ఇచ్.ఐఓ (itch.io) అనే గేమ్‌ల సైట్‌లో బ్రౌజర్‌లో ఆడే గేమ్‌గా ఎక్కించొచ్చు, దానికి డబ్బు కట్టక్కర్లేదు. అంతకంటే ముందు ముగ్గురికి ఇచ్చి ఆడించండి, ఒకరైనా గేమ్‌లు ఆడే అలవాటు లేనివాళ్ళు కావాలి. పక్కన కూర్చోండి కానీ మాట్లాడొద్దు, సాయం చేయొద్దు. చూడాల్సింది ఒక్కటే, మూడో రాత్రి కప్పుల గడి దగ్గర వాళ్ళ వేళ్ళు ఎంతసేపు ఆగాయో. అస్సలు ఆగకుండా టకటకా కొట్టేశారంటే మొదటి రాత్రి పేర్లు వాళ్ళకి గుర్తులేవని అర్థం. అప్పుడు మూడో రాత్రిని ముట్టుకోకండి, మొదటి రాత్రికి వెళ్ళి ఆ పదకొండు కప్పుల మీద ఏ బొమ్మ ఎవరు గీశారో ఇంకాస్త వివరంగా రాయండి. వంటాయన తన కప్పు మీద కూతురి పేరు రాశాడు, బోసన్ గంగమ్మ తల్లి బొమ్మ గీశాడు, సైంటిస్టుకి బొమ్మలు రాక ఒక చేప లాంటిది గీసి కింద ‘చేప’ అని రాశాడు. అంత దగ్గరగా చూపించి మళ్ళీ ఆడించి చూడండి.